కణములోని పందిరి

మన దేహమునకు ఎముకల గూడు ఆధారమని శ్రోతలెరుగుదురు. ఆ దేహములోని ఒక్కొక్క జీవకణమునకును లోపల ఒక కట్టుబడి కలదు. శాస్త్రజ్ఞులు దానిని సైటోస్కెలిటన్, అనగా కణపు అస్థిపంజరము, అందురు. పేరు అంత అతికినట్లు నాకు తోచదు. ఎముక ఆకారము ఏండ్ల తరబడి నిలుచును. కణములోని రాటలలో పెక్కు నిమిషములలో లేచి నిమిషములలో కూలుచుండును. పెండ్లిపందిరి అన్న కొంత దగ్గరగా నుండును.

ఇందు మూడు రకముల పోగులు కలవు. అన్నిటికంటె సన్ననివి ఆక్టిన్ పోగులు; కణము ప్రాకుటకు, కండరము ముడుచుకొనుటకు అవి కావలెను. నడిమి రకమువి త్రాళ్ళవలె లాగుడునకు ఓర్చును. మన గోళ్ళలోని కెరటిన్ ఆ జాతిదే. మూడవవి సూక్ష్మనాళికలు. ట్యూబులిన్ అను మాంసకృత్తు రేణువులు పేర్చుకొనగా ఏర్పడు బోలు గొట్టములివి. వీని అడ్డుకొలత మిల్లీమీటరులో 40,000వ వంతు.

కణము రెండుగా చీలు వేళ పాత నాళికలు విడిపోయి, ఆ రేణువులతోనే కదురు ఆకారమున కొత్తవి లేచును. క్రోమోజోములను సమానముగ చెరియొక ప్రక్కకు చేర్చునవి అవియే. మన పెరళ్ళలో పూచు బిళ్ళగన్నేరునుండి తీసిన విన్‌క్రిస్టిన్ అను మందు ట్యూబులిన్‌ను పట్టుకొని ఈ పేర్పును సాగనీయదు. విభజన ఆగి, కణము నశించును. పిల్లలకు వచ్చు రక్తపు క్యాన్సరు చికిత్సలో 1960 దశకమునుండి ఇది ముఖ్యమైన మందు.

అయితే ఈ మందు పుచ్చుకొను పిల్లలలో కొందరికి కాలివ్రేళ్ళు తిమ్మిరెక్కును, నడక తడబడును. నాడీకణములు సాధారణముగా విభజన చెందవు గదా, వానికేల ఈ బాధ? నాళికలకు ఇంకొక పని కలదు. నడుమువద్ద మొదలగు నాడీకణపు తీగ పెద్దవారిలో పాదమువరకు సుమారు ఒక మీటరు సాగును. అచటికి కావలసిన సరకులో చాలవరకు కణపు మూలభాగముననే తయారగును. దానిని కొనకు చేర్చు బాట సూక్ష్మనాళికయే. 1985లో గుర్తింపబడిన కైనెసిన్ అను మాంసకృత్తు, బరువు మోయుచు, అడుగునకు 8 నానోమీటర్ల చొప్పున దానిపై నడచును. వేగముగా పోవు సరకు సయితము రోజునకు 40 సెంటీమీటర్లకు మించి పోదు. బాట చెడినచో ముందు నష్టపడునవి దూరపు కొనలు. తిమ్మిరి వ్రేళ్ళయందు మొదలగుట అందుచేతనే.

పసివారు ఈ సంగతి చెప్పలేరు. మెట్లెక్కుటకు వెనుకాడుట, పాదము ఈడ్చుట, బొత్తాము పెట్టుకొనలేకపోవుట కన్నవారు కనిపెట్టి వైద్యునికి తెలుపవలెను. మోతాదు సవరించుటకు వీలుండును; మందు ఆగిన పిమ్మట చాలమందిలో బాధ క్రమముగా తగ్గును.