కాగితం చదివి చెప్పే మనిషి కావాలి

దావా, వాయిదా, జామీను, ముద్దాయి, వకాలత్‌నామా... కోర్టు ఆవరణలో వినిపించే ఈ మాటలన్నీ ఉర్దూ నుంచి వచ్చినవే. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు కచేరీ భాష ఉర్దూ. ఇప్పుడు స్టేషన్‌లో ఫిర్యాదు తెలుగులో రాస్తారు. కోర్టు తీర్పు చాలావరకు ఇంగ్లీషులో వస్తుంది. ఉర్దూ తప్ప మరో లిపి రాని తల్లి, బడి ముఖం చూడని కూలీ ఆ కాగితం మీద వేలిముద్ర వేసి వస్తారు. అందులో ఏముందో తర్వాత తెలుస్తుంది.

తర్వాత తెలిస్తే లాభం ఉండకపోవచ్చు. లోక్ అదాలత్‌లో ఇరుపక్షాలు రాజీపడి సంతకం చేస్తే అదే తుది తీర్పు. దానిపై అప్పీలు లేదు. అందుకే సంతకానికి ముందే ప్రతి షరతూ అర్థం కావాలి.

న్యాయసేవల చట్టం 1987లో వచ్చి, 1995 నవంబరు 9 నుంచి అమలైంది. దాని ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధంలో ఉన్నవారు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును పొందవచ్చు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంటుంది.

2024 జూలై 10న సుప్రీంకోర్టు ఒక ముఖ్యమైన తీర్పు చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద భరణం కోరవచ్చని స్పష్టం చేసింది. ఆ కేసు మన తెలంగాణ నుంచి వెళ్ళినదే. కొత్త నాగరిక సురక్షా సంహితలో అది 144వ సెక్షన్. భర్త గల్ఫ్‌లో ఉన్నా, తాను నివసించే చోటి కోర్టులోనే ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చు. జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో ఎందరికో పనికొచ్చే సంగతి ఇది. కానీ ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పాలి?

ఈ పని కోసమే జాతీయ న్యాయసేవాధికార సంస్థ 2009లో పారా లీగల్ వాలంటీర్ల పథకం తెచ్చింది. పదో తరగతి చదివినవారికి ప్రాధాన్యం. జిల్లా న్యాయసేవాధికార సంస్థ వారిని ఎంపిక చేసి శిక్షణ ఇస్తుంది. దరఖాస్తు రాయడం, ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలని గుర్తుచేయడం, జైలులో ఉన్నవారి గోడు వినడం, మనిషిని సరైన కార్యాలయానికి చేర్చడం వారి పని. కోర్టులో వాదించడం వకీలు పని. సాయం కోరి వచ్చినవారి వద్ద వారు డబ్బు తీసుకోరాదు.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు ఈ విద్యను రెండేళ్ళ కోర్సుగా నేర్పుతాయి. ఆ చదువుతో వకీళ్ళ ఆఫీసుల్లో ఉద్యోగాలు దొరుకుతాయి. మన దేశంలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇంటర్ చదివినవారి కోసం పారాలీగల్ ప్రాక్టీస్‌లో డిప్లొమా రూపొందించింది.

మన మొహల్లాల్లో ఉర్దూ, తెలుగు రెండూ వచ్చిన యువతీయువకులు ఎందరో ఉన్నారు. ఆదిలాబాద్ పల్లెల్లో గోండీ కూడా వచ్చినవారున్నారు. రెండు భాషలు తెలిసినవారికి ఈ పని సగం వచ్చినట్టే. మిగతా సగం శిక్షణలో వస్తుంది. ముఖ్యంగా ఆడపిల్లలు ముందుకు రావాలి. మగవారి ముందు చెప్పుకోలేని కష్టాన్ని సాటి స్త్రీ ముందు చెప్పుకుంటారు.

జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయంలో వివరాలు తెలుసుకోవచ్చు. సాయం కావలసినవారు 15100కు ఫోన్ చేయవచ్చు. మొహల్లాకు ఒక్కరు నేర్చుకున్నా చాలు, ఏమి రాశారో తెలియని కాగితం మీద వేలిముద్ర వేసే అగత్యం మన తల్లులకు తప్పుతుంది.