పంటి నొప్పితో ప్రాణాలకు ముప్పు
దవడ కింద వాపు గట్టిపడితే క్షణం ఆలస్యం చేయొద్దు

సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల రొద పగలూ రాత్రీ ఆగదు. బతుకుతెరువు వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వలస వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడా, పక్కనున్న లింబాయత్‌లోనూ పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోందంటే వారి ఉనికి ఎంతటిదో తెలుస్తుంది. మగ్గాలపై 12 గంటల షిఫ్టు, నేసిన మీటర్ల లెక్కన కూలి. పూట మానేస్తే ఆ మేరకు రాబడి పోయినట్టే. అలాంటప్పుడు పిప్పిపన్ను నొప్పికి మందుల షాపు మాత్రే తేలిక దారి.

అసలు ముప్పు అక్కడే పొంచి ఉంది. మాత్ర నొప్పిని తగ్గిస్తుందే తప్ప చీమును తీసేయదు. కింది దవడలో చివరి రెండు పళ్ల వేళ్లు నోటి అడుగు కండరం కంటే దిగువకు దిగి ఉంటాయి. వాటికి సోకిన ఇన్ఫెక్షన్ నేరుగా మెడలోకి జారుతుంది. రెండు వైపులా పాకి, నాలుకను పైకీ వెనక్కీ నెట్టి శ్వాసమార్గాన్ని మూసేస్తుంది. పొరల వెంట ఛాతీలోకీ దిగవచ్చు. జర్మన్ వైద్యుడు లుడ్విగ్ 1836లో వర్ణించిన ఈ జబ్బును ఆయన పేరిట లుడ్విగ్స్ ఆంజైనా అంటారు. యాంటీబయాటిక్స్ రాకముందు దీని బారిన పడ్డవారిలో సగానికి పైగా చనిపోయేవారు. మధుమేహం ఉన్నవారిలో ఇది త్వరగా ముదురుతుంది.

దవడ కింద చెక్కలా గట్టిపడ్డ వాపు, జ్వరం, నోరు తెరవలేకపోవడం, మింగలేక చొంగ కారడం, మాట ముద్దగా రావడం ప్రమాద సంకేతాలు. ఊపిరాడక లేచి కూర్చున్న రోగిని బలవంతంగా పడుకోబెట్టకూడదు.

ఆస్పత్రిలో వైద్యులు ముందు చూసేది ఊపిరినే, స్కాన్ ఆ తర్వాతే. అవసరమైతే శ్వాసనాళంలోకి గొట్టం వేస్తారు. అది కుదరకపోతే మెడ ముందు భాగంలో రంధ్రం చేస్తారు. యాంటీబయాటిక్స్‌ను నరం ద్వారా ఎక్కిస్తారు. రంగు మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌తో చీము ఎక్కడ, ఎంత లోతున ఉందో తేలుతుంది. చీము చేరితే కోసి తీసేస్తారు. మూలకారణమైన పన్నునూ పీకాల్సిందే.

ఉధ్నా వాసులకు న్యూ సివిల్ ఆస్పత్రి, నగరపాలక సంస్థ ఆధ్వర్యంలోని స్మిమేర్ ఆస్పత్రి నగరంలోనే ఉన్నాయి. 108 అంబులెన్స్ గుజరాత్‌లో 2007 నుంచీ తిరుగుతోంది. పిప్పిపన్నుకు మొదట్లోనే వైద్యం చేయిస్తే పోయేది ఒక పూట కూలి. మెడలోకి పాకేదాకా ఆగితే మాత్రం వారాల తరబడి మగ్గం ముఖం చూడలేరు, ఒక్కోసారి ప్రాణమే దక్కదు.