హాజరుపట్టీలో లేని పేర్లు

కృష్ణాజిల్లాలో మాదొక చిన్న వూరు. మా నాన్నగారు చేరేనాటికి అక్కడి హైస్కూలు జిల్లాబోర్డుది. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక జిల్లా పరిషత్తుది అయింది. మొన్న వూరు వెళ్ళినప్పుడు ప్రార్థన వేళకు అటు నడిచాను. పసుపుపచ్చ బస్సులు రెండు మా వూరి పిల్లలనే నింపుకుని, గేటు ముందునుంచి పట్నంవైపు వెళ్ళిపోయాయి. లోపల ఆడపిల్లల వరుస పొడుగ్గా, మగపిల్లల వరుస పొట్టిగా వున్నది.

"ఇందులో వింతేముందండీ?" అన్నారు హెడ్మాస్టరుగారు. "ఇద్దరు పిల్లలుంటే అబ్బాయిని బస్సెక్కిస్తారు, అమ్మాయిని మాకు పంపిస్తారు. ఫీజుకు డబ్బు ఒక్కరికే చాలుతుంది మరి!"

పాత అడ్మిషను రిజిష్టరు తీసి చూపించారు. నాన్నగారి రోజుల పుటలలో భూవసతి వున్న ఇళ్ళ మగపిల్లలే ఎక్కువ. ఆడపిల్ల పేరు కావాలంటే వెదకాలి. ఇప్పటి పుటలలో కౌలురైతుల పిల్లలు, కూలీల పిల్లలు, దళితవాడ పిల్లలు. ఒకప్పుడు ఈ గడప తొక్కటమే గగనమైనవారి మనుమరాళ్ళు లోపల వున్నారు; మోతుబరుల మనుమలు బస్సులో వున్నారు. బడి ఖాళీ అయిపోయిందని వాపోయేవాళ్ళకు ఈ సంగతి కనబడదు. అన్నట్టు, మా అబ్బాయి కూడా పట్నంలో అటువంటి బస్సే ఎక్కుతాడు. కనుక ఎవరినీ తప్పుపట్టే మొహం నాకు లేదు.

అసలు పిల్లలే తగ్గారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన 1992-93లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 2.6 మంది బిడ్డలు; 2019-21 సర్వేలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చిన లెక్క 1.7. ఆ కొద్దిమందినే సర్కారు బడీ, ప్రైవేటు బడీ పంచుకోవాలి. 2020లో వచ్చిన అమ్మ ఒడి గాని, 2025లో వచ్చిన తల్లికి వందనం గాని, బిడ్డ ఏ బడిలో వున్నా తల్లికి డబ్బు ఇచ్చినవే.

సంఖ్య తగ్గితే ఏమవుతుంది? 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 35 మందికి ఒక ఉపాధ్యాయుడుండాలన్నది. నూరుమంది దాటిన చోటనే పూర్తికాలం హెడ్మాస్టరునూ, చిత్రలేఖనానికీ వ్యాయామానికీ బోధకులనూ తప్పనిసరి చేసింది. పిల్లలు తగ్గితే పోస్టు కదులుతుంది. పోస్టు కదిలితే మరో నలుగురు తండ్రులు బస్సువైపు చూస్తారు. ఆ చట్టం కాపుదల పధ్నాలుగో ఏటితో సరి. తొమ్మిది, పది తరగతుల పిల్లకు అదీ లేదు.

గేటు దగ్గర కూతుర్ని దిగబెట్టి పొలానికి పోతున్న ఒకామెను అడిగాను, ఈ బడిని పక్కవూరి బడిలో కలిపేస్తే ఏంచేస్తావమ్మా అని. "మానిపించేస్తాను బాబూ. అంతదూరం దోవలో దానికి తోడెవరు?" అని, కొడవలి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

వేసవి సెలవులలో హెడ్మాస్టరుగారు ఇల్లిల్లూ తిరుగుతారట. ఐదో తరగతి ముగించిన పిల్లల జాబితా ఆయన జేబులోనే వున్నది. వస్తామన్నవాళ్ళ పేర్ల పక్కన టిక్కులు పెట్టారు. మగపిల్లల వైపు టిక్కులు తక్కువగా వున్నాయి.