వార్తల్లో పదం: రిజర్వేషన్ వేతనం

ఇంతకంటే తక్కువిస్తే పనిలోకి రానని కార్మికుడు మనసులో గీసుకునే గీతే రిజర్వేషన్ వేతనం. నిరుద్యోగ భృతి ఆ గీతను కొంత పైకి జరుపుతుందన్నది నిజమే. 2020లో అమెరికా కేంద్ర ప్రభుత్వం మామూలు భృతికి అదనంగా వారానికి 600 డాలర్లిచ్చింది; అదే గంటకు 7.25 డాలర్ల కేంద్ర కనీస వేతనంపై 40 గంటలు చాకిరీ చేసినా చేతికొచ్చేది 290 డాలర్లే. మరి జనం సోమరులయ్యారా? 2021 వేసవిలో దాదాపు సగం రాష్ట్రాలు, అప్పటికి 300కు తగ్గిన ఆ సాయాన్ని గడువుకు ముందే ఆపేశాయి. ఆర్థికవేత్తలు బ్యాంకు ఖాతాలు పరిశీలిస్తే, భృతి పోయిన 8 మందిలో అదనంగా పనిలో చేరింది సుమారు ఒక్కరే. చాలా ఇళ్లలో ఖర్చు మాత్రం తగ్గించుకున్నారు. పనికి మనుషులు దొరకడం లేదన్న అప్పటి హోటల్ యజమానుల గోడు అబద్ధమేమీ కాదు. అయినా ఆకలికి లొంగి ఒప్పుకున్న జీతాన్ని న్యాయమైన ధర అనలేం. 2009 నుంచి కదలని ఆ 7.25 డాలర్లను ముందు పెంచాలి.