త్రిశూలాన్ని వదిలొచ్చిన అన్నదమ్ములు!

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ రేసు జరిగింది. అందులో పాల్గొన్న 'మాసెరాటి' కార్లపై త్రిశూలం గుర్తు ఉంటుంది. ఆ పేరు ఇటలీలో ఓ రైలు డ్రైవర్ కొడుకులది.

1914లో బొలోనా నగరంలో ఆల్ఫియేరి మాసెరాటి సోదరులతో కలిసి చిన్న వర్క్‌షాపు తెరిచాడు. వాళ్ల తొలి సొంత కారు 1926లో తయారైంది. సిసిలీలో జరిగిన టార్గా ఫ్లోరియో రేసులో ఆల్ఫియేరీయే దాన్ని నడిపి, తన విభాగంలో గెలిచాడు. ఊళ్లోని నెప్ట్యూన్ విగ్రహం చేతిలో ఉన్న త్రిశూలాన్ని కారుకు గుర్తుగా గీసిచ్చింది చిత్రకారుడైన సోదరుడు మారియో.

వాళ్లు అమ్మేది రేసు కార్లు. గెలుపే వాటికి ప్రచారం. గెలుపులైతే వచ్చాయి కానీ డబ్బు నిలవలేదు. 1932లో ఆల్ఫియేరి చనిపోయాడు. 1937లో మిగతా ముగ్గురూ కంపెనీని ఓర్సీ కుటుంబానికి అమ్మేశారు. ఒప్పందం ప్రకారం పదేళ్లు అక్కడే పనిచేశారు. గడువు తీరాక త్రిశూలాన్ని కొత్త యజమానులకే వదిలి, బొలోనాకు తిరిగొచ్చారు.

అక్కడ 'ఓస్కా' పేరుతో మళ్లీ మొదలుపెట్టారు. 1954లో అమెరికాలో జరిగిన సెబ్రింగ్ 12 గంటల రేసులో వాళ్ల ఒకటిన్నర లీటర్ల ఇంజిన్ కారు తనకన్నా ఎంతో పెద్ద కార్లను వెనక్కి నెట్టి గెలిచింది. దానిమీద త్రిశూలం లేదు. తయారుచేసిన చేతులు మాత్రం అవే!