చేతిపనియు చదువే: కొన్ని అపోహలు, వాస్తవములు

బిలాసపురమునుండి కట్నీవైపు పోవు రైలుమార్గమున, కర్గీరోడ్డు స్టేషనును ఆనుకొని యున్న కోటాలోను ఆ చుట్టుపట్లను పోలా పండుగనాడు పిల్లలు చక్రములు తగిలించిన మట్టియెద్దులను వీధివెంట లాగుకొని పోవుదురు. బిలాసపుర రైల్వే కాలనీలలో స్థిరపడిన మన తెలుగు గృహిణులు సంతానక్షేమము కోరి పోలాల అమావాస్య నోము నోచునదియు ఆనాడే. అట్టి మట్టియెద్దును బుద్ధిమాంద్యముగల బాలునిచేతను, మాట రాని బాలికచేతను బడిలో చేయించెదమనినచో, "ఇదంతా పొద్దుపోవడానికేగా మాస్టారూ?" అని తల్లిదండ్రులు అడుగుట కద్దు.

అపోహలలో మొదటిదియు, బలమైనదియు ఇదియే. మట్టిని పిసుకుటచే పెన్సిలు పట్టవలసిన వ్రేళ్లకు పట్టు చిక్కును. కాళ్లు నాలుగు, కొమ్ములు రెండు అనుచు అతికించుటలో లెక్కయు, ముందు వెనుక, పైన క్రింద అను వివేకమును అలవడును. అంతకంటె ముఖ్యమైనది, ఆ బాలునియొద్ద మట్టిని, బాలికయొద్ద చక్రములను ఉంచి, ఒకరినొకరు అడుగనిదే పని సాగని ఏర్పాటు చేయుట. మాట రాని బాలిక మట్టి చిత్రము గల అట్టముక్కను చూపి అడుగును, అదియు సంభాషణమే. బిడ్డను ఒక మూలను కూర్చుండబెట్టి రంగుపెన్సిళ్లు చేతికిచ్చి తప్పించుకొనుట ఈ విద్య కానేరదు.

ఇట్టి పిల్లల విద్య సామాన్యవిద్యనుండి రాలిపడిన తాలు వంటిదని పండితులలో సైతము కొందరి తలంపు. చరిత్ర ఇందుకు విపర్యయము. పందొమ్మిదవ శతాబ్దమున పారిసునందు సెగాఁ మహాశయుడు బుద్ధిమాంద్యముగల బాలురకై కల్పించిన సాధనములను మరియా మాంటిస్సోరి రోమునందు అట్టి పిల్లలయొద్దనే పరీక్షించి, పిమ్మట 1907లో సామాన్యబాలురకై శిశుగృహమును నెలకొల్పెను. 1939లో మద్రాసునకు వచ్చి మన ఉపాధ్యాయులకును ఆ పద్ధతిని బోధించెను. నేడు వేలకు వేలు జీతము గట్టి మనవారు బిడ్డలను చేర్పించు మాంటిస్సోరి బడులకు మూలము ఈ పిల్లల తరగతిగదియే!

వస్తువు అందముగా రావలెననునది ఉపాధ్యాయుల అపోహ. వార్షికోత్సవపు బల్లమీది యెద్దులన్నియు ఒక్క అచ్చున నున్నచో అవి ఎవరి చేతిపనియో వేరుగ చెప్పనక్కరలేదు. సాయము చేయవలసినచో మొదటి మెట్లన్నియు తాము చేసి, కడపటి చక్రమును మాత్రము బిడ్డకు విడువవలెను. మరునాడు రెండు చక్రములు, ఆపై కొమ్ములు. ఇట్లు తుదినుండి మొదటికి నడచినచో, పని ముగించిన తృప్తి ప్రతిదినమును బిడ్డదే యగును.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొనియుండగా, అందరికిని ఒక్క పద్ధతి చాలుననుట యెట్లు? చెవిటి బిడ్డ చేతిపనిని, సంజ్ఞను ఏకకాలమున చూడజాలదు గనుక, ముందు సంజ్ఞ చేసి, ఆగి, పిదప పని చూపవలెను. చేతులు వణకువానికి పళ్లెముక్రింద తడిగుడ్డ పరచిన అది జారదు. జిగురు తాకనొల్లని ఆటిజము పిల్లవానిని బలవంతపెట్టక పుల్ల నీయవలెను; మట్టిని నోట పెట్టుకొనువానికి గోధుమపిండి ముద్ద మేలు.

ఇక చేతిపనులచే వైకల్యమే మాయమగునని ఆశపెట్టువారును కలరు. వారి మాట నమ్మి వైద్యుడు వ్రాసిన మూర్ఛమందునుగాని, మాట నేర్పు చికిత్సనుగాని, వ్యాయామచికిత్సనుగాని ఒక్కదినమైనను మానరాదు.