మంచినీటిలో నైట్రైట్: తక్కువ ఖర్చుతో నమ్మదగిన కొలత

చెరువు నీరు తేటగా కనిపించినంత మాత్రాన అది నిరపాయకరమని భావించడానికి వీలులేదు. రంగు, వాసన లేకుండానే నీటిలో కలిసి ఉండి చేపలకు, పసిపిల్లలకు ముప్పుగా పరిణమించే పదార్థాలలో నైట్రైట్ ఒకటి. దీనిని కొలవడానికి ఖరీదైన యంత్రాలే అవసరమన్న అభిప్రాయం సరికాదు. సుమారు ఒకటిన్నర శతాబ్దంగా వాడుకలో ఉన్న ఒక రంగు పరీక్ష ద్వారా చెరువు గట్టు మీదనే దీనిని కొలవవచ్చు. అయితే ఫలితాన్ని ఏ ప్రమాణంలో వ్యక్తం చేశారన్నది స్పష్టంగా లేకపోతే ఆ కొలత మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది.

నైట్రైట్ ఎందుకు పెరుగుతుంది?

పశ్చిమ గోదావరి, ఏలూరు, కృష్ణా జిల్లాలలో మంచినీటి చేపల సాగు విస్తారంగా జరుగుతోంది. చెరువులో మిగిలిపోయిన మేత, చేపల విసర్జితాల నుంచి అమ్మోనియా వెలువడుతుంది. నీటిలోని ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గాను, మరొక రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గాను మారుస్తాయి. ఈ రెండవ దశ మందగించినప్పుడు నైట్రైట్ పేరుకుపోతుంది. అది మొప్పల ద్వారా చేప రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసే శక్తిని హరిస్తుంది. రక్తం గోధుమ వర్ణానికి మారుతుంది. నీటిలో ప్రాణవాయువు తగినంత ఉన్నప్పటికీ చేపలు ఊపిరాడక మరణిస్తాయి. క్లోరైడ్ ఈ ప్రవేశాన్ని అడ్డుకుంటుంది. చెరువులలో ఉప్పు చల్లే పద్ధతికి ఆధారం ఇదే.

త్రాగునీటిలో నైట్రైట్ అధికమైతే ఆరు నెలల లోపు శిశువుల రక్తంలోనూ ఇటువంటి మార్పే సంభవించి శరీరం నీలివర్ణానికి మారే ప్రమాదముంది.

పరీక్షా విధానం

జర్మన్ రసాయన శాస్త్రవేత్త పీటర్ గ్రీస్ 1879లో ఈ పరీక్షను వెలువరించారు. ఆమ్ల గుణం గల ద్రావణంలో నైట్రైట్ సల్ఫానిలమైడ్‌తో చర్య జరుపుతుంది. దానికి నాఫ్తైల్ ఇథిలీన్ డైఅమీన్ అనే మరొక రసాయనం తోడైనప్పుడు గులాబీ-ఊదా రంగు ఏర్పడుతుంది. నైట్రైట్ ఎంత ఎక్కువగా ఉంటే రంగు అంత చిక్కబడుతుంది. ఈ రంగును కొలవడానికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది, టెస్ట్ కిట్‌లోని రంగుల పట్టికతో పోల్చి చూడడం. ఇది అన్నింటికంటే చౌకైనది. అయితే కంటిచూపును, వెలుతురును బట్టి ఫలితంలో తేడా రావచ్చు. రెండవది, ఆకుపచ్చ ఎల్.ఇ.డి. దీపం, కాంతిని గుర్తించే సెన్సర్ అమర్చిన చిన్న పరికరం. ఈ ద్రావణం సుమారు 540 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతిని అధికంగా పీల్చుకుంటుంది కనుక, తగ్గిన కాంతిని బట్టి నైట్రైట్ పరిమాణాన్ని లెక్కించవచ్చు. మూడవది, కళాశాలల ప్రయోగశాలలలో సాధారణంగా ఉండే స్పెక్ట్రోఫోటోమీటర్. కిట్ ఫలితాలను సరిచూడడానికి ఇది ఉపయుక్తం.

పాటించవలసిన జాగ్రత్తలు

నమూనాను సేకరించిన వెంటనే పరీక్షించాలి. ఆలస్యమైతే బ్యాక్టీరియా వలన నైట్రైట్ పరిమాణం మారిపోతుంది. వెంటనే వీలుకాని పక్షంలో 4 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరచి ఒకటి రెండు రోజులలో పరీక్షించాలి. నిల్వ కోసం ఆమ్లం కలపరాదు. బురద నీటిని వడకట్టాలి. రసాయనాలు కలిపిన పిదప కనీసం 10 నిమిషాలు ఆగి, రెండు గంటల లోపు రంగును కొలవాలి. రంగు పట్టిక పరిధిని మించినప్పుడు నమూనాను స్వేదనజలంతో పలుచన చేసి తిరిగి పరీక్షించాలి. ప్రతిసారీ స్వేదనజలంతోనూ, పరిమాణం తెలిసిన ద్రావణంతోనూ పరీక్ష జరిపి సరిచూసుకోవాలి.

ఈ ప్రామాణిక ద్రావణానికి వాడే సోడియం నైట్రైట్ చూడడానికి వంట ఉప్పును పోలి ఉంటుంది. ఇది విషపదార్థం. పేరు స్పష్టంగా వ్రాసి, తాళం వేసి భద్రపరచడం తప్పనిసరి.

నివేదికలో ఏమి ఉండాలి?

నైట్రైట్‌ను రెండు విధాలుగా వ్యక్తం చేస్తారు. ఒకటి ‘నైట్రైట్‌గా’, రెండవది ‘నైట్రైట్‌లోని నైట్రోజన్‌గా’. నైట్రోజన్‌గా చెప్పిన అంకెను 3.3తో హెచ్చిస్తే నైట్రైట్ పరిమాణం వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ త్రాగునీటికి సూచించిన పరిమితి లీటరుకు 3 మిల్లీగ్రాముల నైట్రైట్. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ నిర్ణయించిన పరిమితి 1 మిల్లీగ్రాము నైట్రోజన్. అంకెలు వేరుగా కనిపించినా ఈ రెండూ దాదాపు సమానమే.

కాబట్టి నివేదికలో కేవలం ‘1 మిల్లీగ్రాము’ అని ఉంటే అది నైట్రైట్ అయిన పక్షంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిలో మూడవ వంతు మాత్రమే. నైట్రోజన్ అయిన పక్షంలో పరిమితిని దాటినట్లే. ఒకే అంకె ఒక గ్రామాన్ని అకారణంగా భయపెట్టవచ్చు, లేదా నిజమైన ప్రమాదాన్ని మరుగుపరచవచ్చు.

ఈ కారణంగా అధికారులు నివేదికలో ప్రమాణాన్ని, నమూనా సేకరించిన స్థలాన్ని, సమయాన్ని, పరీక్షా విధానాన్ని విధిగా నమోదు చేయవలసి ఉంటుంది. చేపల చెరువుల విషయంలో క్లోరైడ్ పరిమాణాన్ని కూడా పేర్కొనాలి. పాత్రికేయులు అంకెను ప్రచురించే ముందు అది నైట్రైటా, నైట్రోజనా అని నిర్ధారించుకోవడం సముచితం. కిట్ పరీక్షలో పరిమితికి చేరువైన ఫలితం వచ్చినప్పుడు ప్రయోగశాలలో ధ్రువీకరించుకున్న తరువాతనే తుది నిర్ణయానికి రావాలి.